బి.ఎస్సీ. తర్వాత ఎం.ఏ. ఇంగ్లీష్: చేరవచ్చా, చేరితే ఎలా చదవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: పార్వతీపురం వైపు ఒక ప్రభుత్వ కాలేజీలో బి.ఎస్సీ. పూర్తి చేశారు. పదో తరగతి దాకా తెలుగు మీడియమే. నవలలు చదవడం ఇష్టం, ఇంగ్లీష్ లిటరేచర్‌లో ఎం.ఏ. చేయాలని కోరిక. ఇంట్లో నాన్నగారు బి.ఎడ్. చేసి డీఎస్సీ రాయమంటున్నారు. స్నేహితులేమో లిటరేచర్‌తో కూడు రాదంటున్నారు. సైన్సు వాళ్లకు సీటిస్తారా, తెలుగు మీడియంతో నెగ్గుకు రాగలనా, రెగ్యులర్‌లో చేరాలా డిస్టెన్స్‌లోనా, తర్వాత ఉద్యోగం సంగతేంటి అన్నవి మీ ప్రశ్నలు.

నేను చాలా ఏళ్లుగా ఎం.ఏ. ఇంగ్లీష్ విద్యార్థులకు పాఠాలు చెబుతున్నాను. అందుకే కాస్త పెద్దగానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

చేరవచ్చు. సైన్సు డిగ్రీ అడ్డం కాదు, తెలుగు మీడియం అంతకన్నా కాదు. కానీ రెండేళ్లు క్లాసుల్లో కూర్చుని, డిగ్రీ చేతిలో పెట్టుకుని కూడా ఏమీ పట్టుకోకుండా బయటికెళ్లే పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. వాళ్లలో తెలివైనవాళ్లూ ఉంటారు, కాన్వెంటులో చదివినవాళ్లూ ఉంటారు. వాళ్లందరి విషయంలో జరిగింది ఒక్కటే. సిలబస్‌లో ఉన్న పుస్తకాలను వాళ్లు చదవలేదు, వాటి మీద గైడ్లు చదివారు. ఈ కోర్సు గురించి నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే. మిగతాదంతా దీని చుట్టూ తిరిగేదే.

ఎం.ఏ. చేస్తే ఇంగ్లీష్ గడగడా మాట్లాడటం వస్తుందని చేరేవాళ్లు చాలామంది. దానికోసమైతే రెండేళ్లు అక్కర్లేదు, వేరే దారులున్నాయి. ఇక్కడ నేర్పేది చదవడం, చదివినదాని గురించి ఆధారాలతో రాయడం. పద్నాలుగో శతాబ్దపు ఇంగ్లీష్ కవి చాసర్ కాలం నుంచి ఇవాళ్టి దాకా ఆరువందల ఏళ్ల పైచిలుకు సాహిత్యం మీ ముందుకొస్తుంది. సెమిస్టర్‌కు నాలుగైదు పేపర్లు, ఒక్కో పేపర్‌లో నాలుగైదు రచనలు, వాటికి తోడు విమర్శ వ్యాసాలు. బ్రిటిష్ సాహిత్యం, అమెరికన్ సాహిత్యం, భారతీయ ఆంగ్ల సాహిత్యం, భాషాశాస్త్రం, సాహిత్య విమర్శ, థియరీ (సాహిత్యాన్ని ఏయే దృష్టులతో చదవవచ్చో చెప్పే సిద్ధాంతాలు) ఇంచుమించు అన్ని చోట్లా ఉంటాయి.

గైడుకూ పుస్తకానికీ ఎంత తేడా ఉంటుందో ఒక ఉదాహరణతో చెబుతాను. రాబర్ట్ బ్రౌనింగ్ 1842లో అచ్చువేసిన 'మై లాస్ట్ డచెస్' మన యూనివర్సిటీల సిలబస్‌లో తరచుగా కనబడే పద్యం. మొత్తం 56 పాదాలు. ఇటలీలోని ఫెరారా డ్యూక్ ఒకాయన, గోడ మీద తెర చాటున ఉన్న తన మొదటి భార్య చిత్రాన్ని ఎవరికో చూపిస్తూ మాట్లాడతాడు. గైడులో ఏముంటుందంటే, డ్యూక్ అహంకారి, అసూయాపరుడు, భార్యను చంపించాడు, ఇది డ్రమాటిక్ మోనోలాగ్‌కు, అంటే ఒక్క పాత్రే మాట్లాడే పద్యానికి, మంచి ఉదాహరణ. నాలుగు ముక్కలు. నాలుగూ నిజమే. బట్టీ పట్టి రాస్తే మార్కులూ పడతాయి.

క్లాసులో నేను ఈ పద్యాన్ని ఒక్కసారే మొత్తం చదవనివ్వను. సగంలో ఆపి, ఈయన ఎవరితో మాట్లాడుతున్నాడో చెప్పండి అంటాను. స్నేహితుడని ఒకరు, చిత్రకారుడని ఒకరు అంటారు. చివరి పది పాదాల్లోకి వచ్చేదాకా సంగతి బయటపడదు. ఎదుట కూర్చున్నది ఇంకో ప్రభువు పంపిన దూత. ఆ ప్రభువు కూతుర్ని ఈ డ్యూక్ రెండో పెళ్లి చేసుకోబోతున్నాడు, కట్నం సంగతి మాట్లాడటానికి దూత వచ్చాడు. అంటే పెళ్లిచూపుల బేరంలో కూర్చుని, మొదటి భార్య అందరినీ చూసి నవ్వేదనీ, తాను ఆజ్ఞలిచ్చాననీ, దాంతో ఆ నవ్వులన్నీ ఆగిపోయాయనీ ఈయన నెమ్మదిగా చెబుతున్నాడు. ఇది తెలిశాక మొదటి పాదానికి మళ్లీ వెళ్లి చదివితే పద్యం పూర్తిగా మారిపోతుంది.

ఒక బ్యాచ్‌లో వెనక బెంచీ అమ్మాయి లేచి, "ఇంతకీ ఆ దూత ఏమన్నాడు మేడమ్?" అని అడిగింది. ఏమీ అనడు. పద్యంలో అతనికి ఒక్క మాట లేదు. కానీ దగ్గరగా చూడమన్నాను. చివర్లో డ్యూక్ ఉన్నట్టుండి "వద్దు, ఇద్దరం కలిసే కిందికి దిగుదాం" అనే అర్థంలో ఒక మాట అంటాడు. ఎందుకన్నాడు? ఆ దూత కదిలి ఉండాలి. డ్యూక్‌ను ముందు నడవమని పక్కకు తప్పుకున్నాడో, విన్నది చాలనుకుని గబగబా మెట్ల వైపు వెళ్లాడో! కవి చెప్పలేదు. ఆ కదలికను మనమే ఊహించుకోవాలి. ఆ రోజు గంటసేపు ఆ ఒక్క పాదం మీదే క్లాసంతా వాదించుకున్నారు. ఆ అమ్మాయి ఇంటర్ దాకా తెలుగు మీడియమే. పద్యాన్ని నిజంగా చదివింది కాబట్టే ఆ ప్రశ్న పుట్టింది. ఏ గైడులోనూ ఆ ప్రశ్న లేదు.

మన రాష్ట్ర యూనివర్సిటీల్లో ప్రశ్నలు మళ్లీ మళ్లీ అవే వస్తుంటాయి కాబట్టి గైడుతో గట్టెక్కడం కష్టం కాదు. దెబ్బ ఆ తర్వాత తగులుతుంది. లెక్చరర్ ఉద్యోగాలకు అర్హత కోసం రాసే నెట్ పరీక్షలో ఒక పేరా ఇచ్చి దాని ధోరణి ఏమిటంటే చెప్పలేరు. లెక్చరర్ ఇంటర్వ్యూలో మీకు నచ్చిన నవల గురించి మాట్లాడమంటే రెండు వాక్యాల తర్వాత మాట ఆగిపోతుంది. ఇప్పుడు ఏఐతో అసైన్‌మెంట్లు రాయించుకోవడం కూడా గైడు పనే, ఇంకాస్త నున్నగా ఉంటుంది అంతే. రాయడం నేర్చుకోవడానికి చేరిన కోర్సులో రాసే పనే ఇంకొకరికి అప్పగిస్తే మిగిలేదేముంది?

ఇక తెలుగు మీడియం టెన్షన్. మీకు కష్టమయ్యేది మొదటి సెమిస్టర్. క్లాసులో వేగంగా చెప్పే లెక్చర్, పేజీకి పదిహేను తెలియని మాటలు, పక్కన చకచకా మాట్లాడే సిటీ పిల్లలు. అప్పుడు చాలామంది వెనక్కి తగ్గి మౌనంగా కూర్చుంటారు. అలా చేయకండి. మాట్లాడే ఇంగ్లీష్ వేరు, చదివి ఆలోచించే శక్తి వేరు. రెండోది తెలుగులో నవలలు, కథలు బాగా చదివినవాళ్లకు ముందే ఉంటుంది. కథ ఎవరు చెబుతున్నారు, ఏది చెప్పకుండా దాచారు, ఈ పాత్ర మాటలో వెటకారం ఎక్కడుంది అన్నవి మీరు తెలుగులో రోజూ పట్టుకునేవే.

తెలుగు పద్యాలు చదివే అలవాటుంటే ఛందస్సు కూడా త్వరగా అందుతుంది. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి. మనది లఘువు గురువుల లెక్క, అక్షరం పలకడానికి పట్టే కాలాన్ని బట్టి. ఇంగ్లీష్ పద్యం ఊనికను బట్టి నడుస్తుంది. అయాంబిక్ పెంటామీటర్ అంటే పది సిలబుల్స్, ఒకటి విడిచి ఒకటి ఒత్తి పలకాలి. మన ప్రాస పాదంలో రెండో అక్షరం, వాళ్ల రైమ్ పాదం చివర. పైన చెప్పిన బ్రౌనింగ్ పద్యం రెండేసి పాదాలకు రైమ్ కలిపి రాసిందే. అయినా గట్టిగా చదివితే రైమ్ సరిగా వినబడదు, వాక్యం పాదం దగ్గర ఆగకుండా కిందికి పారుతుంది కాబట్టి. డ్యూక్ మామూలుగా మాట్లాడుతున్నట్టు అనిపించడానికి కారణం అదే. ఇలాంటివి కంటితో కాదు, చెవితో తెలుస్తాయి. పద్యాన్ని ఎప్పుడూ పైకి చదవండి.

మాటల కోసం డిక్షనరీ పక్కన పెట్టుకుని ప్రతి మాటకూ ఆగితే పుస్తకం ముందుకు సాగదు. మొదటిసారి కథ అర్థమయ్యేంత వేగంతో వెళ్లండి, అడ్డుపడిన మాటల కింద పెన్సిల్ గీత పెట్టండి, రెండోసారి వాటిని చూడండి. ఎం.ఏ.లో ఏ పుస్తకాన్నయినా రెండుసార్లు చదవాల్సిందే.

అడ్మిషన్ల దాకా మీకు కొన్ని నెలలు చేతిలో ఉన్నాయి కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టండి. చాలామంది పెద్దలు మొదట చాసర్, మిల్టన్ చదవమంటారు. నేను అలా చెప్పను. నైజీరియా రచయిత చినువా అచెబె 1958లో రాసిన 'థింగ్స్ ఫాల్ అపార్ట్'తో మొదలుపెట్టండి. వాక్యాలు చిన్నవి, ఊరు, పొలం, పెద్దల పంచాయితీ, పండగలు ఉంటాయి, మీకు పరాయిగా అనిపించదు. దాని చివరి పేరా దగ్గర ఆగండి. ఒకోంక్వో అనే మనిషి బతుకంతా మనం వందకు పైగా పేజీల్లో చదివి ఉంటాం. ఆఖర్న జిల్లా కమిషనర్ అయిన తెల్లదొర ఒకడు, తాను రాయబోయే పుస్తకంలో ఈ మనిషికి ఒక అధ్యాయం ఎక్కువ, ఒక మోస్తరు పేరా చాలు అనుకుంటాడు. థియరీ పేపర్‌లో పోస్ట్‌కలోనియల్ విమర్శ (వలస పాలకుల చూపును ప్రశ్నించే విమర్శ) అని వస్తుంది, ఎడ్వర్డ్ సయీద్ 1978లో రాసిన 'ఓరియంటలిజం' వస్తుంది, పిల్లలు భయపడిపోతారు. ఎవరి కథ ఎవరు రాస్తున్నారు, రాసే అధికారం ఎలా వచ్చింది అన్న ప్రశ్న ఆ చివరి పేరాలోనే ఉంది. నవల ముందు చదివినవాళ్లకు థియరీ అర్థమవుతుంది. థియరీ నోట్స్ ముందు బట్టీ పట్టినవాళ్లకు రెండూ అర్థం కావు.

ఆ తర్వాత జేన్ ఆస్టిన్ 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' చదవండి. 1813 నాటిది, ఐదుగురు ఆడపిల్లల పెళ్లిళ్ల కథ, ఆస్తి మగవాళ్లకే పోయే ఏర్పాటు కింద. షేక్‌స్పియర్ నాటకం ఒకటి, నోట్స్ ఉన్న ఎడిషన్‌లో, వీలైతే వీడియోలో ప్రదర్శన చూస్తూ. పారిభాషిక పదాలకు ఎం.హెచ్. ఏబ్రమ్స్ గ్లాసరీ దగ్గర పెట్టుకోండి. థియరీకి పీటర్ బ్యారీ రాసిన 'బిగినింగ్ థియరీ' సులభంగా ఉంటుంది. కొనడానికి డబ్బు లేదని ఆగొద్దు. పాత రచనలు చాలావరకు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఇగ్నో (ఇందిరాగాంధీ ఓపెన్ యూనివర్సిటీ) వాళ్ల ఎం.ఏ. పాఠాలు ఈ-జ్ఞానకోశ్‌లో, యూజీసీ పాఠాలు ఈ-పీజీ పాఠశాలలో ఎవరైనా దించుకోవచ్చు. రెగ్యులర్ విద్యార్థులు కూడా వీటిని వాడుకుంటారు. మూల రచన చదివిన తర్వాత చూస్తే చాలా మేలు చేస్తాయి.

ఇంగ్లీష్ సాహిత్యం అంటే మన ఊళ్లకు, మన భాషకు దూరం జరగడమేమో అన్న సంశయం మీ ప్రశ్నలో కనిపించింది. అది నిజం కాదు. ఈ సబ్జెక్టులో గొప్ప పని కొంత తెలుగు నేల మీదే జరిగింది. ఆంధ్ర యూనివర్సిటీలో ఇంగ్లీష్ ప్రొఫెసర్‌గా, తర్వాత వైస్ ఛాన్సలర్‌గా ఉన్న కె.ఆర్. శ్రీనివాస అయ్యంగార్ 1959లో లీడ్స్ యూనివర్సిటీలో ఉపన్యాసాలిచ్చారు. వాటి నుంచే 1962లో 'ఇండియన్ రైటింగ్ ఇన్ ఇంగ్లీష్' పుస్తకం వచ్చింది. భారతీయులు ఇంగ్లీష్‌లో రాసింది కూడా క్లాసులో చెప్పదగ్గ సాహిత్యమే అని ఒప్పించడంలో ఆ పుస్తకానిది పెద్ద పాత్ర. హైదరాబాద్‌లో పాఠాలు చెప్పిన సూసీ తారు, కె. లలితతో కలిసి 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' సంకలనాలు తెచ్చారు, 1991లో ఒకటి, 1993లో రెండోది. పదకొండు భాషల్లోంచి ఆడవాళ్ల రచనలు వెతికి, అనువాదం చేయించారు. మొదటి సంపుటానికి రాసిన ముందుమాట తంజావూరు ఆస్థానంలోని ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనం' ప్రస్తావనతో మొదలవుతుంది. 1910లో బెంగళూరు నాగరత్నమ్మ దాన్ని మళ్లీ అచ్చువేయడం, ఆ పుస్తకం మీద నిషేధం రావడం, దాని చుట్టూ నడిచిన గొడవ అంతా అందులో ఉంది. ప్రపంచంలో ఎక్కడెక్కడో చదివే ఆ పుస్తకానికి మన తెలుగు కవయిత్రే గుమ్మం. తెలుగు చక్కగా చదవగలిగిన ఇంగ్లీష్ విద్యార్థికి డిజర్టేషన్‌కు, అంటే పరిశోధన వ్యాసానికి, కావలసినంత సరుకు ఉంది. మీ క్లాసులో కాన్వెంటు పిల్లలకు లేని బలం మీకున్నది ఇక్కడే.

ఇక సీటు సంగతి. మీది ఉత్తరాంధ్ర కాబట్టి మొదట చూడాల్సింది విశాఖలోని ఆంధ్ర యూనివర్సిటీ. ఏపీలో రాష్ట్ర యూనివర్సిటీలకు ఏపీ పీజీసెట్, తెలంగాణలో ఉస్మానియా సహా అన్నిటికీ సీపీగెట్ అనే ప్రవేశ పరీక్షలు రాయాలి. రెండూ వంద బిట్లు, గంటన్నర. ఇంగ్లీష్ పేపర్‌లో గ్రామర్, కాంప్రహెన్షన్‌తో పాటు సాహిత్యం మీద ప్రశ్నలు వస్తాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఢిల్లీ యూనివర్సిటీ, జేఎన్‌యూ లాంటివాటికి సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. అందులో 75 ప్రశ్నలు, సరైనదానికి నాలుగు మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. హైదరాబాద్ తార్నాకలో ఉస్మానియా పక్కనే ఉన్న ఇఫ్లూ (ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) కూడా తప్పక చూడండి. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌గా మొదలై, 2007లో సెంట్రల్ యూనివర్సిటీ అయింది. సాహిత్యంతో పాటు భాషాశాస్త్రం, ఇంగ్లీష్ బోధన కోర్సులు కూడా ఉన్నాయి. అక్కడి ప్రవేశ విధానానికి ఆ ఏటి నోటిఫికేషన్‌నే చూసుకోండి. అర్హత విషయానికొస్తే, డిగ్రీలో జనరల్ ఇంగ్లీష్ చదివిన బి.ఎస్సీ., బి.కాం. వాళ్లను తీసుకునే యూనివర్సిటీలు చాలా ఉన్నాయి. నా క్లాసుల్లో సైన్సు నుంచి వచ్చినవాళ్లు ఎప్పుడూ ఉంటారు. నోటిఫికేషన్‌లో అర్హత పేరా ఒక్కసారి మీరే స్వయంగా చదవండి, ఇంటర్నెట్ సెంటర్ అతను చెప్పిన మాట మీద ఆధారపడకండి.

యూనివర్సిటీ ఎంచుకునేటప్పుడు పేరు కన్నా రెండు సంగతులు చూడండి. లైబ్రరీ, పర్మనెంట్ ఫ్యాకల్టీ. డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్‌లో ప్రొఫెసర్ల పేర్లు ఎన్ని ఉన్నాయి, వాళ్లు ఏం రాశారు అన్నది ఓసారి చూస్తే పరిస్థితి అర్థమవుతుంది. చాలా చోట్ల పోస్టులు ఖాళీగా ఉండి గెస్ట్ ఫ్యాకల్టీతోనే నడుస్తున్నాయి. గెస్ట్ ఫ్యాకల్టీలో అద్భుతంగా చెప్పేవాళ్లు ఎందరో ఉన్నారు. కానీ డిజర్టేషన్ చూసేవాళ్లు, రికమండేషన్ లెటర్ ఇచ్చేవాళ్లు రేపు అక్కడ ఉండాలి కదా.

రెగ్యులరా డిస్టెన్సా అంటే, ఇంట్లో పరిస్థితి ఏ మాత్రం అనుకూలించినా రెగ్యులర్. ఆ వెనక బెంచీ అమ్మాయి అడిగిన ప్రశ్న ఒంటరిగా గదిలో కూర్చుంటే రావడం కష్టం. సాహిత్యం నలుగురిలో చదవాల్సిన చదువు. హాస్టల్ మెస్‌లో అన్నం తింటూ హామ్లెట్ గురించి గొడవపడటం కూడా ఈ కోర్సులో భాగమే. ఉద్యోగం చేస్తున్నవాళ్లకు, పెళ్లయి పిల్లలున్నవాళ్లకు మాత్రం ఇగ్నో ఎం.ఏ. మంచి దారి. జనవరి, జులై రెండు విడతల్లోనూ అడ్మిషన్లుంటాయి, రెండేళ్ల కోర్సును నాలుగేళ్లలోపు పూర్తి చేయవచ్చు. హైదరాబాద్‌లో అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ ఉంది. యూజీసీ గుర్తింపు ఉన్న డిస్టెన్స్ డిగ్రీతో నెట్ రాయవచ్చు, పీహెచ్‌డీకి అప్లై చేయవచ్చు. ఎవరైనా చెల్లదంటే నమ్మకండి. గుర్తింపు లేని స్టడీ సెంటర్ల బోర్డులు చూసి డబ్బు కట్టడం మాత్రం చేయకండి, యూజీసీ వెబ్‌సైట్‌లో పేరు చూసుకున్నాకే కట్టండి.

ఇప్పుడు నాన్నగారి మాట. ఆయన భయంలో న్యాయం ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. కానీ ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. మీరు బి.ఎస్సీ.తో ఇప్పుడే బి.ఎడ్.లో చేరితే మీకు వచ్చేది సైన్సు మెథడాలజీ, లేదంటే మ్యాథ్స్. డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లీష్ పోస్టుకు డిగ్రీలో ఇంగ్లీష్ ఆప్షనల్‌గా చదివి ఉండాలి, లేదా ఎం.ఏ. ఇంగ్లీష్ ఉండాలి, బి.ఎడ్.లో ఇంగ్లీష్ మెథడాలజీ కూడా ఉండాలి. కాబట్టి మీ మనసు ఇంగ్లీష్ మీదుంటే ముందు ఎం.ఏ., తర్వాత ఇంగ్లీష్ మెథడాలజీతో బి.ఎడ్. చేయడమే సరైన వరస. తిరగేస్తే మళ్లీ మొదటికొస్తుంది. అప్పుడు స్కూల్ అసిస్టెంట్‌తో పాటు గురుకులాల్లోనూ కేంద్రీయ విద్యాలయాల్లోనూ పీజీటీ (పోస్ట్ గ్రాడ్యుయేట్ టీచర్) పోస్టులకు కూడా అర్హత వస్తుంది. ఇది నాన్నగారికి కాగితం మీద రాసి చూపించండి. ఆయన చెప్పిన బి.ఎడ్. ఎక్కడికీ పోలేదు, రెండేళ్లు వెనక్కి జరిగింది, ఇంకా పైమెట్టు ఉద్యోగాలకు తలుపు తెరుచుకుంది.

జూనియర్ లెక్చరర్ పోస్టుకు ఎం.ఏ.లో 50 శాతం మార్కులు కావాలి. డిగ్రీ కాలేజీ, యూనివర్సిటీ ఉద్యోగానికి 55 శాతం, దాంతోపాటు నెట్, సెట్ (రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష) లేదా పీహెచ్‌డీ. నెట్ ఏడాదికి రెండుసార్లు పెడతారు. మూడు గంటల్లో 150 ప్రశ్నలు, తప్పుకు మార్కులు పోవు. ఇంగ్లీష్ పేపర్ పది యూనిట్లు: నాటకం, కవిత్వం, నవల నుంచి భారతదేశంలో ఇంగ్లీష్ చరిత్ర, కల్చరల్ స్టడీస్, రీసెర్చ్ పద్ధతుల దాకా. నెట్‌లో పైస్థాయి మార్కులతో జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే పీహెచ్‌డీ మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలిస్తారు. జేఆర్ఎఫ్‌కు వయసు పరిమితి ఉంది, అందులో ఆడవాళ్లకు ఐదేళ్ల సడలింపు ఉంది. ఎం.ఏ. రెండో ఏడు నుంచే నెట్ రాయవచ్చు, రాయండి కూడా.

యూనివర్సిటీ అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం 57,700 రూపాయల దగ్గర మొదలవుతుంది. అక్కడికి చేరేవాళ్లు కొద్దిమందే. నోటిఫికేషన్లు ఏళ్ల తరబడి రావు, వచ్చినా కోర్టు కేసుల్లో పడతాయి. ఆ మధ్యలో ప్రైవేటు ఇంటర్ కాలేజీల్లోనో, ఇంజనీరింగ్ కాలేజీల బి.ఎస్.హెచ్. (బేసిక్ సైన్సెస్, హ్యుమానిటీస్) డిపార్ట్‌మెంట్‌లో ఇంగ్లీష్ ల్యాబ్ చూసుకుంటూనో చాలామంది గడుపుతారు. జీతాలు తక్కువ, పని ఎక్కువ, సెలవుల్లో జీతం ఆపేసే చోట్లూ ఉన్నాయి. నా దగ్గర చదివిన ఎంతో మంచి టీచర్లు అలా నలిగిపోవడం చూసి బాధ కలుగుతుంది. ఈ చిత్రం మీకు ముందే తెలియాలి.

అందుకే ఒక్క లెక్చరర్ దారినే నమ్ముకోవద్దంటాను. హైదరాబాద్‌లో ప్రచురణ రంగం ఉంది, ఓరియంట్ బ్లాక్‌స్వాన్ ప్రధాన కార్యాలయం అక్కడే. కాపీ ఎడిటింగ్, కంపెనీల్లో కంటెంట్ రైటింగ్, ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్ (శిక్షణ పాఠాల రూపకల్పన), సబ్‌టైటిల్స్, తెలుగు నుంచి ఇంగ్లీష్‌కు అనువాదం లాంటి పనుల్లో నా విద్యార్థులు స్థిరపడ్డారు. తప్పు లేకుండా, సూటిగా నాలుగు పేజీలు రాయగలవాళ్లు ఎక్కడైనా అరుదే. యూపీఎస్సీ మెయిన్స్‌లో ఇంగ్లీష్ సాహిత్యాన్ని ఆప్షనల్‌గా తీసుకోవచ్చు కూడా, రెండు పేపర్లు, ఒక్కోటి 250 మార్కులు.

విదేశాల గురించి మీరు ఒక ముక్క అడిగారు. బ్రిటన్‌లో ఎం.ఏ. ఏడాదే, కానీ స్కాలర్‌షిప్ లేకుండా ఆ ఫీజు కోసం అప్పు చేయడం సాహిత్యానికి మంచి లెక్క కాదు. అమెరికాలో ఎం.ఏ.కు సాయం తక్కువ, పీహెచ్‌డీకి చాలా చోట్ల ఫీజు మాఫీ, స్టైపెండ్ ఉంటాయి. అక్కడ ప్రధానంగా చూసేది రైటింగ్ శాంపిల్, అంటే మీరు రాసిన పది ఇరవై పేజీల విమర్శ వ్యాసం. ఇక్కడ ఎం.ఏ.లో ఒక్క వ్యాసమైనా గట్టిగా రాస్తే దానికదే పనికొస్తుంది. ఇప్పుడే దాని గురించి బెంగ అక్కర్లేదు.

చివరగా, ఏటా ఒకరిద్దరు పిల్లలు సీటు పోగొట్టుకునే విషయం ఒకటి చెబుతాను. మీరు బీసీ అయితే, రాష్ట్రం ఇచ్చే మామూలు కుల ధ్రువపత్రం సెంట్రల్ యూనివర్సిటీలకు చాలదు. మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉందో లేదో చూసుకుని, కేంద్ర నమూనాలో నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఈడబ్ల్యూఎస్‌కైనా ఆ ఆర్థిక సంవత్సరపు సర్టిఫికెట్టే అడుగుతారు, పాతది చెల్లదు. సచివాలయంలో అర్జీ పెట్టినా తహసీల్దార్ ఆఫీసు నుంచి రావడానికి రోజులు పడుతుంది. కౌన్సెలింగ్ తేదీలు వచ్చాక పరిగెత్తే బదులు ఏప్రిల్‌లోనే ఆ పని ముగించేయండి. సిలబస్ చేతికొచ్చాక అందులో ఏదైనా పుస్తకం దగ్గర ఆగిపోతే, ఏ పేజీ దగ్గర ఆగారో రాయండి. నాకు తెలిసినంత వివరంగా జవాబిస్తాను.